డీజే మీద గొంగడి కప్పడానికి వెళ్లి

పాలు పొంగి వంటిల్లంతా మోకాలి లోతు నిండిపోయిందని నేను అరిస్తే, మా ఆవిడ తాపీగా చేతిలో పని ముగించుకుని చిన్న గుడ్డపీలిక పట్టుకుని వస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో నా మాటలో పాలెన్ని, నీళ్లెన్ని అన్నది ఆమెకు లెక్క దొరికింది. మీకింకా దొరకలేదు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ ప్రయాణంలో చూసిన ప్రతి గుట్టా నేను రాసేసరికి ఇంకాస్త ఎత్తు పెరిగింది. తిన్న ప్రతి రొట్టే ఇంకాస్త వెడల్పయింది. చదివేటప్పుడు ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు తగ్గించుకోండి. ఒక్కచోట మాత్రం పెంచడంతో ఆగకుండా శుద్ధ అబద్ధమే రాశాను. అదెక్కడో చివర్లో చెబుతాను.

ప్రయాణానికి కారకుడు నా డిగ్రీ రోజుల దోస్తు యాదగిరి. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెబుతాడు. గొర్రె ఉన్ని చప్పుడును ఎంత మింగుతుందో ఏళ్ల తరబడి కొలుస్తున్నాడు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో గొంగడి ముసుగు పెట్టుకుంటే వాళ్లవ్వ తిట్లు సగమే వినబడేవట. మనమైతే మిగతా సగం కూడా తప్పించుకుని హాయిగా నిద్రపోతాం. వీడు దాని మీద డాక్టరేటు చేశాడు. తర్వాత వ్యాసాలు రాశాడు. ఆ వ్యాసాలు చదివినవాళ్లందరినీ ప్రపంచం నలుమూలల నుంచి పోగేసి ఒక ఆటోలో ఎక్కిస్తే, డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉంటుంది.

నల్లగొండలో పరిశ్రమను కలిశాం

పరిశోధనలు పరిశ్రమకూ సమాజానికీ ఎలా ఉపయోగపడాలి అనే విషయం మీద నల్లగొండలో ఒక కళాశాలవాళ్లు సదస్సు పెట్టారు. యాదగిరి మాట్లాడాలి. కారులో తోడు కావాలని నన్ను లాక్కెళ్లాడు.

వేదిక మీద ఎంతమంది ఉన్నారంటే, ఇంకొక్కరు ఎక్కితే అది నేలలోకి దిగి కింద బోరుబావి పడేది. ముందు వరుస సోఫాలు పరిశ్రమల ప్రతినిధుల కోసం అట్టిపెట్టారు. వాళ్ల పేర్ల అట్టలు మాత్రం పొద్దుటి నుంచి బుద్ధిగా కూర్చుని అన్ని ఉపన్యాసాలూ విన్నాయి. సమాజం తరఫున ఒక కుక్క గుమ్మం దాకా వచ్చి, లోపల ఏసీ లేదని గ్రహించి వెనక్కి పోయింది. మాట్లాడినవాళ్లంతా పరిశోధన ప్రజల దగ్గరికి వెళ్లాలన్నారు. ప్రజలు ఎటువైపు ఉంటారో ఎవరూ చెప్పలేదు.

భోజనాలకు ముందు యాదగిరి వంతు. తెర మీద గీతలు లేచాయి, పడ్డాయి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే హాలంతా తలుపు వైపు చూసింది. బగారా అన్నం వాసన అటునుంచే వస్తోంది. అప్పుడా తలుపు దగ్గరి నుంచే ఒక చెయ్యి లేచింది. ఆ చేతిలో గరిటె ఉంది.

"సార్, జర ఒక మాట. మీ గొంగడి డీజేని ఆపుతదా?"

"ఏ పౌనఃపున్యం దగ్గర?" అన్నాడు యాదగిరి.

"పెండ్లి దగ్గర సార్."

అడిగినాయన ఖాజా భాయి. ఆ పూట వంటల కాంట్రాక్టు ఆయనదే. ఆ సదస్సుకు పరిశ్రమ వైపు నుంచి వచ్చిన ఏకైక మనిషి కూడా ఆయనే. మటన్ వేసి వండిన పప్పు, అదే దాల్చా, వడ్డిస్తూనే సంగతంతా చెప్పాడు. మహబూబ్‌నగర్లో, అదే పాలమూరులో, శ్రీశైలం అని ఆయనకు బాగా తెలిసిన ఫంక్షన్ హాల్ ఓనరు ఉన్నాడు. డీజే మోత మీద పక్కింటివాళ్లు ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెడుతున్నారు. ఇంకొక్కటి వస్తే హాలుకు తాళం వేస్తామని పోలీసులు చెప్పేశారు.

ఖాజా భాయి అక్కడికక్కడే ఫోన్ కలిపాడు. అవతలి నుంచి శ్రీశైలం గొంతు నా పళ్లెం దాకా వినిపించింది. "ఎల్లుండి మాతాన ఓణీల ఫంక్షన్ ఉంది. తెచ్చి గోడలకు కట్టుండ్రి. సప్పుడు ఆగితే కొంట. ఆగకుంటే అన్నం తిని పోండ్రి."

అన్నేళ్లలో యాదగిరి పరిశోధనకు వచ్చిన మొదటి గిరాకీ అది. ఆ సంతోషంలో వాడు నా పళ్లెంలో మటన్ బొక్క కూడా తీసుకుని తినేశాడు. మా నిజామాబాద్ వైపు దావతుల్లో దాల్చా అన్నం పక్కన ఒదిగి ఉంటుంది. నల్లగొండలో దాల్చా పారుతుంది, అన్నమే దానికి గట్టు.

దేవరకొండ దారిలో మల్లమ్మ షరతు

మర్నాడు గొంగళ్ల కోసం దేవరకొండ దారిలో ఒక ఊరికి వెళ్లాం. మాది కాలువల దేశం, ఎటు చూసినా పసుపు, వరి. ఇక్కడ గుండ్లు. ఇల్లంత గుండు మీద బడి అంత గుండు, దాని మీద ఒక మేక. ఆ మేక ఎలా ఎక్కిందన్నది కూడా మంచి పరిశోధనాంశమే. కానీ దానికి నిధులు రావు.

యాదగిరి కోసం గొంగళ్లు నేయించేది మల్లమ్మ. అరవై దాటిన మనిషి. ఊళ్లో ఉన్ని వడికే ఆడవాళ్లందరికీ పెద్ద. పాత రకం గొంగళ్లు ఎవరూ కొనక, గొర్రెల ఉన్ని కత్తిరించి చేలల్లో పారబోస్తున్న రోజుల్లో యాదగిరి వెళ్లి, మూడు పొరలు కలిపి కుట్టిన గొంగడి పరదాలు చేసిపెట్టమని అడిగాడట. చేశారు. అవి ఒక గది నిండా ఉన్నాయి. ఇప్పటిదాకా వాటిని వాడుకున్నది ఎలుకలే.

మాకు జొన్నరొట్టె, మీరు గోంగూర అనే పుంటికూర పెట్టింది. ఆ రొట్టె వెడల్పుకు నేను రెండు చేతులూ చాపి పట్టుకోవాల్సి వచ్చింది. ఒకవైపు నుంచి నేను మొదలుపెడితే రెండోవైపు యాదగిరి ఎదురొచ్చాడు.

"సారూ, ఒక్క మాట చెప్త, కోపానికి రావద్దు," అంది మల్లమ్మ మజ్జిగ పోస్తూ. "మల్ల ఉన్ని కోసే దినాలొచ్చినయ్. గీసారి కొనేటోడు దొరికితేనే వడుకుతం. లేకుంటే మునుపటి లెక్క చేన్ల పారబోస్తం. ఆడోళ్లంత పత్తి ఏరవోతమంటున్నరు. ఎన్నొద్దులని ఆపాలె?"

"దొరికిండు అక్కా. పాలమూర్ల దొరికిండు."

"పోయినేడు గూడ దొరికిండన్నవ్."

"పోయినేడు దొరికింది కొనేటోడు కాదు, చదివేటోడు."

"అయితె నేను గూడ వస్త. కొనేటోని మొఖం కండ్లార సూస్తెగాని నమ్మ."

అని చీర కొంగు బిగించి, వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది. పరదాలు కొన్ని కారు నెత్తిన కట్టాం. మిగిలినవి వెనక సీట్లో, నా నెత్తిన. దారి పొడుగునా నేను గొంగడి సందులోంచి పాలమూరు జిల్లాను రెండంగుళాల మేర చూశాను.

కల్వకుర్తి ముందర వాన

కల్వకుర్తి ఇంకా రాకముందే ఆకాశానికి చిల్లు పడింది. ఆ ప్రాంతానికి ఏడాది పొడుగునా రావలసిన వానంతా మా కారు ఒక్కదాని మీదే పడిందని నా నమ్మకం. పక్కన చేలో దుమ్ము లేస్తూనే ఉంది.

తడిసిన గొంగడి వాసన మీకు తెలుసా? తడిసిన గొర్రెను ముక్కు దగ్గర పెట్టుకుంటే కొంత తెలుస్తుంది. దాన్ని మందతో హెచ్చవేయండి. వాన వెలిసి ఒక మలుపు దగ్గర కారు ఆపితే, రోడ్డు దాటుతున్న మందలోంచి ఒక పొట్టేలు ఆగి మావైపు చూసింది. మమ్మల్ని చాలాకాలం క్రితం తప్పిపోయిన చుట్టాలనుకుంది కాబోలు, బయల్దేరగానే కారు వెంట పరుగు పెట్టింది. కాపరి దాని వెంట, కుక్క కాపరి వెంట. కల్వకుర్తి దాకా ఊరేగింపే.

చాయ్ తాగుదామని దిగితే హోటలాయన గిన్నె కలుపుతూనే, "మటన్ కిలో ఎట్ల ఇస్తున్నరు సార్?" అని అడిగాడు.

"మేము మటన్ అమ్మం. ఆయన ప్రొఫెసరు," అన్నాను.

ఆయన యాదగిరిని కింది నుంచి మీది దాకా చూశాడు. "అయ్యో. జీతాలు సరిగ వస్తలేవా?"

మల్లమ్మ నవ్విన నవ్వుకు బెంచీ ఊగింది. చాయ్ పది రూపాయలు, మిరపకాయ బజ్జీలు ఇరవైకి నాలుగు. బజ్జీతో పాటు ఉల్లిగడ్డ ముక్కలు, వేయించిన పచ్చిమిరప ఊరికే ఇచ్చారు. కారానికి మందుగా ఇంకో కారం ఇవ్వడం అక్కడి మర్యాద. నా చెవుల్లోంచి వచ్చిన ఆవిరికి అద్దాలు మసకబారాయి.

ఆ రాత్రి మహబూబ్‌నగర్లో లాడ్జి మేనేజరు మాకు గది ఇచ్చి, వాసన చూసి, ఆ అంతస్తులో మిగతావాళ్లందరినీ పై అంతస్తుకు మార్చాడు. మల్లమ్మ చెల్లెలి ఇంటికి పోయింది. పరదాలు మాత్రం శ్రీశైలం హాలు డాబా మీద రాజాలాగా ఆరబడ్డాయి.

పాలమూరులో ఓణీల ఫంక్షన్

శ్రీశైలం పొట్టి మనిషి, పెద్ద గుండె, దానికన్నా పెద్ద ఉంగరాలు. తానే నిచ్చెన ఎక్కి, మాతో పాటు పొద్దున్నే గోడల నిండా, కిటికీల నిండా పరదాలు వేలాడదీయించాడు. రోజ్‌వాటర్ చల్లించాడు. దాంతో గొర్రె వాసన పోలేదు కానీ, పెళ్లికి ముస్తాబైన గొర్రె వాసన వచ్చింది.

మొదటి గండం ముసలమ్మల వైపు నుంచి వచ్చింది. "శుభమా అని పిల్లకు ఓణీ ఏస్తుంటే గోడలకు గీ నలుపేందిరా!" అని ఒకామె కేకేసింది.

మల్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మల్లన్నకు పట్నం ముగ్గు ఏస్తే దేవుడు గూసునేది దేని మీదమ్మా? నీ పట్టుచీర మీదనా? గొంగడి మీదనే గద!"

ముసలమ్మ ఆలోచించి, దగ్గరికొచ్చి, పరదాను కళ్లకద్దుకుంది. శ్రీశైలం దాని మీద రెండు బంతిపూల దండలు వేలాడేశాడు. గండం గడిచింది.

డీజే మొదలైంది. లోపల నా పక్కటెముకలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. శ్రీశైలం, యాదగిరి, నేను రోడ్డు మీదికి పరుగెత్తాం. రోడ్డు మీద మోత బాగా తగ్గింది. సైకిల్ మీద పోయేవాడి గంట కూడా వినబడింది. యాదగిరి జేబులోంచి మోత కొలిచే యంత్రం తీసి చూసుకుని పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. శ్రీశైలం వాణ్ని కావలించుకుని, "సార్, నా హాలు బతికిచ్చినవ్!" అన్నాడు. ఒక గంటసేపు ప్రపంచంలో పరిశ్రమ, పరిశోధన, సమాజం మూడూ భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డాయి.

అప్పుడు మేనమామ వచ్చాడు.

పేరు నర్సింహ. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నల్ల కళ్లద్దాలు. అక్క బిడ్డకు బంగారం, పట్టు, డీజే మూడూ ఆయన కట్నమే. ఫంక్షన్‌కు పండ్లు తక్కువైతే ఇంకో బావగారింటి నుంచి తేవడానికి పోయి, తిరిగి వస్తూ సందు మొగన ఆగిపోయాడు.

"శ్రీశైలమన్నా! ఏమైందే? కరెంటు పోయిందా?"

"లేదు తమ్మీ, లోపట దుమ్ము లేస్తున్నది!"

"లోపట లేస్తే ఏం ఫాయిదా? లోపటున్నోళ్లు మా చుట్టాలే గద, వాళ్లకు ఎట్లన్నా తెలుసు. నేను పైసలు పెట్టింది బయటోళ్లకు!" ఆయన కళ్లద్దాలు తీశాడు. కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. "పోయినేడు మా వదినెగారోళ్ల ఫంక్షన్ సప్పుడు బస్టాండు దాక వచ్చింది. నేను ఒక్కగానొక్క మేనకోడలికి చేస్తే సందు సివరకు గూడ వస్తలేదు. రేపు మా అక్కను ఏమంటరు? తమ్ముడు టేప్‌రికార్డర్ పెట్టిండు అంటరు!"

యాదగిరి ముందుకెళ్లి శబ్దశోషణ గురించి రెండు వాక్యాలు చెప్పాడు. మూడోదానికి నర్సింహ సెల్‌ఫోన్ తీసి లోపలివాళ్లకు చెప్పాడు: "గోడలకున్నయన్ని గుంజి పారెయ్యుండ్రి!"

శ్రీశైలం మమ్మల్ని పక్కకు తీసుకుపోయాడు. ముఖం వాడిపోయింది. "తప్పు మీది కాదు సార్. పోలీసులు తాళం ఏస్తే ఒక్కసారే ఏస్తరు. గిరాకీ రాకుంటే నేనే రోజు ఏసుకోవాలె. మీ సామాను మంచిగ పని చేసింది. అదే మా కొంప ముంచింది."

పరదాలన్నీ మెట్ల మీద కుప్ప పడ్డాయి. మోత మళ్లీ మొదలైంది. ఈసారి బస్టాండు ఏమిటి, జడ్చర్ల దాకా వెళ్లి ఉంటుంది.

మెట్ల మీద

మల్లమ్మ ఆ కుప్ప మీద కూర్చుంది. పక్కన యాదగిరి. మామూలుగా నేను ఇలాంటప్పుడు ఏదో ఒక వెటకారం చేస్తాను. ఆ పూట కింద పడ్డ బంతిపూలు ఏరాను.

"గిదేనా సారూ నీ కొనేటోడు? మొఖం సూసిన. మొఖం మంచిగనే ఉంది," అంది మల్లమ్మ.

"గ్రాఫుల తప్పు లేదక్కా."

"తప్పు ఉందని ఎవలన్నరు? మా ఉన్నిల గూడ తప్పు లేదు. రెండు మంచివే. గని ఇంటికి వోయి మా ఆడోళ్లకు ఏం జెప్పాలె, గది జెప్పు." మళ్లీ తానే అంది. "పత్తికే పొమ్మంట తియ్. గాళ్లను ఇంక ఆపుడు పాపం."

యాదగిరి ఒక పరదా చివర ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

అంతలో పక్క బిల్డింగు మెట్లు దడదడ దిగుతూ ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. మెడలో చిన్న శిలువ, చేతిలో తాళాల గుత్తి, కళ్లలో నిప్పు. శ్రీశైలం ఆమెను చూసి స్తంభం వెనక్కి తప్పుకున్నాడు. ఆమె పేరు కరుణ. ఫిర్యాదులన్నీ పెట్టింది ఆమేనని తర్వాత తెలిసింది.

"శ్రీశైలమన్నా, దాక్కోకు! నేను కొట్లాడ రాలే. ఇందాక గంటసేపు ఏం జేసిండ్రు?"

"ఏం జెయ్యలేదమ్మా..."

"జేసిండ్రు! గంటసేపు మంచిగుండె. మా పిల్లలు లెక్కలు జేసుకున్నరు. మల్ల ఇప్పుడు షురువాయె. గప్పుడు ఏం జేసిండ్రో గదే మల్ల జెయ్యుండ్రి. నీ కాళ్లు మొక్కుత."

ఫంక్షన్ హాలు గోడను ఆనుకుని పై అంతస్తులో ఆమె స్టడీ హాల్ నడుపుతోంది. వరసగా చెక్క గదుల్లాంటి బల్లలు, ఒక్కో బల్లకు ఒక లైటు, ఒక ఫ్యాను. ఊళ్ల నుంచి వచ్చిన నిరుద్యోగులు నెలవారీ కిరాయి కట్టుకుని పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా ప్రభుత్వ పరీక్షలకు చదువుకుంటారు. మా రోజుల్లో చదువంటే పార్కు బెంచీ. ఇప్పుడు నిశ్శబ్దాన్ని కిరాయికి తీసుకోవాలి. ఇక్కడ ఆ నిశ్శబ్దమే దొరక్క సగం బల్లలు ఖాళీ అయ్యాయట. కూలికి పోయి పెంచిన తల్లి పేరున అప్పు తెచ్చి పెట్టిన హాలు అది.

యాదగిరి కుప్పలోంచి ఒక పరదా ఎత్తి చూపించాడు. "గిదమ్మా. గిది కట్టినం."

కరుణ దాన్ని చేతిలోకి తీసుకుంది. "గొంగడి! మా నాయిన చలికాలం గిదే కప్పుకునేటోడు. గిది సప్పుడు గూడ ఆపుతదా?"

యాదగిరిని ఆ ప్రశ్న ఇన్నేళ్లలో అడిగింది ఇద్దరే. మొదటాయన గరిటెతో, రెండో ఆమె తాళాల గుత్తితో. వాడు మళ్లీ శబ్దశోషణ మొదలుపెట్టాడు గానీ ఎవరూ వినలేదు. ఆడవాళ్లిద్దరూ అప్పటికే బేరంలో దిగారు.

"వాసన ఎట్ల పోతదక్కా? చదువుకునే పిల్లలకు దావత్ యాదికొస్తది."

"రెండు దినాలు ఎండల ఎయ్యి, యాపాకు పెట్టు. వాసన వోతది, పురుగు రాదు."

"జర తగ్గించుండ్రి మల్ల. నేనేం షాదీఖానా దాన్ని గాను."

"తగ్గియ్యడానికి నేనేం ప్రొఫెసర్ను గాను. గివి పదిమంది ఆడోళ్ల చేతులు!"

బేరం తెగేసరికి నాకు మూడుసార్లు ఆకలేసింది. ముందు కట్టి చూపించాలని కరుణ షరతు. శ్రీశైలం స్తంభం వెనక నుంచి బయటికొచ్చి తన పనివాళ్లనూ నిచ్చెననూ ఇచ్చాడు. గిరాకీకి గిరాకీ మిగిలి, ఫిర్యాదు తప్పే మార్గం అంత దగ్గర్లో, గోడకు అవతలే ఉందని ఆయన అప్పుడే కనిపెట్టాడు. ఆ రోజు నిచ్చెన మీద ఆయన ఎక్కిన వేగం చూసి నర్సింహ కూడా చప్పట్లు కొట్టాడు.

గోడకు అవతల

డీజే పూర్తి జోరులో ఉండగా స్టడీ హాల్ గోడకూ కిటికీలకూ పరదాలు కట్టాం. చివరి తాడు బిగించగానే చప్పుడు ఎవరో మూట గట్టి తీసుకుపోయినట్టు పోయింది. చీమ నడిస్తే వినబడేది. ఒకమ్మాయి కాగితం మీద పెన్ను గీకే శబ్దం నాకు గది ఈ చివరిదాకా వచ్చింది. పై ఫ్యాను తన చప్పుడుకు తానే సిగ్గుపడి నెమ్మదిగా తిరిగింది. తల ఎత్తి మమ్మల్ని చూసినవాళ్లు ఎవరూ లేరు.

మల్లమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆ వంగిన తలల వైపే చూసింది. బయటికొచ్చాక యాదగిరితో ఒక్క మాట అంది. "ఉన్ని కోయిస్త పో."

కరుణ మాకు జొన్నరొట్టె, పల్లి చట్నీ పెట్టింది. ఊళ్లో స్టడీ హాళ్లవాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపుందట. అందులో ఫొటో పెట్టింది. మేము చేతులు కడుక్కునేలోపల ఇంకో ఇద్దరు ఫోన్ చేశారు. తిరుగు ప్రయాణంలో కారు నెత్తి ఖాళీ. పొట్టేలు మమ్మల్ని గుర్తు పట్టలేదు.

ఇక ఒప్పుకోవలసింది.

ఇది రాసి ముందు యాదగిరికి చదివి వినిపించాను. పొట్టేలుకు వాడు అడ్డం చెప్పలేదు, అది నిజంగానే వెంటపడింది. మేనమామ కన్నీళ్లూ నిజమే. సదస్సు కుక్క దగ్గర నవ్వాడు. చీమ నడక దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాడు.

"అరే, గిది తీసెయ్. ఎప్పుడు పోయిందిరా సప్పుడు? సగం తగ్గింది, అంతే. డీజే డప్పు దెబ్బ గోడల నుంచి వస్తనే ఉండె. లావు సప్పుళ్లను ఉన్ని ఆపలేదు. నేను నా చేతులతోని కొలిచిన."

అది నిజం. చప్పుడు పోయిందని రాసింది నేను కల్పించిందే. పెన్ను గీకుడు నాకు వినబడలేదు. వినబడింది డప్పు. పరదా కట్టాక అది పక్క వీధిలో మోగుతున్నట్టు మోగింది. పెంచడం అలవాటైన చేతికి సగం అని రాయడం ఎంత కష్టమో మీకు తెలియదు.

సగమే ఆగుతుందన్న సంగతి యాదగిరి ఆ రోజే, పరదాలు కట్టి కొలిచాక, డబ్బు చేతులు మారకముందే, కరుణకు దాచకుండా చెప్పాడు. ఆమె ఒప్పుకోదేమోనని మల్లమ్మ నావైపు గుడ్లురిమి చూసింది, అదేదో నేను చెప్పినట్టు. కరుణ లోపల వంగి చదువుకుంటున్నవాళ్లను ఒకసారి చూసి వచ్చి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇందులో అక్షరం కూడా నాది కాదు.

"సగం సాలు సార్. పూరా ఆగితే నిద్రవోతరు."